ఎనిమిదో దెబ్బ

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు: లాల్ అహమ్మద్ తాత, ఆయన భార్య మాబూబీ అవ్వ, కర్నూలు నుంచి వచ్చిన వాళ్ళ కొడుకు సమీవుల్లా, అతని కూతురు షాహనా, పక్కింటి లారీ డ్రైవరు ఓబన్న. డైరీ రాసేటప్పుడు ఆ పూట ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకోవడం యశోదకు అలవాటు. మూడేళ్ళుగా ఆ వరుసలో తాత పేరు పక్కనే తన పేరు రాసుకునేది. ఇప్పుడు మనసులోనే పేర్లు చెప్పుకుంటూ పోతే, తన పేరు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆ ఇల్లు ఆమెది కాదు. యశోద వాళ్ళది వెనక వీధిలో అద్దె ఇల్లు. నాన్నకు సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పని దొరికి, పల్లె విడిచి ఎర్రగుంట్లకు వచ్చేనాటికి ఆమెకు పదమూడేళ్ళు. పల్లె బడిలో చదివిన పిల్ల, నలుగురిలో నోరు పెగలదు. అట్లాంటిది లాల్ తాత గదిలో మాత్రం పుట్టి పెరిగిన ఇంట్లో తిరిగినట్లు తిరిగేది.

ఆ గదిలో నాపరాయి అరుగు మీద ఒక రికార్డు ప్లేయరు ఉంది. రైలు పోయినప్పుడు ముల్లు ఎగరకుండా ఆ రాయి. పక్కన పెట్టెలో నలభై మూడు రికార్డులు. ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన, తిరిగి పోతూ పోతూ, ఎలక్ట్రీషియను లాల్ అహమ్మద్‌కు అన్నీ ఇచ్చేసిపోయాడు. ప్రోగ్రెసివ్ రాక్ అని ఒక రకం పాటలు.

"మూడు నిమిషాలు పాడి దిగిపోయేదానికి వాళ్ళకు మనసొప్పల్యా మ్మా," అని తాత ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెప్పినట్లే చెప్పేవాడు. "చర్చీల్లో, కాలేజీల్లో పెద్ద సంగీతం నేర్చిన పిల్లోళ్ళు. ప్లేటు ఒక పక్కంతా ఒకటే పాట. ఇరవై నిమిషాలు! ఒకడు తలకాయకు పువ్వు తొడుక్కోని పాడె. ఒకడు ఆర్గాను మెట్లు పైకి లేయకుండా సందులో కత్తులు గుచ్చె. ఇంగొకడు రాజుల కథ పెట్టి ఐసు మీద ఆడించె."

"ఐసు మీదనా? మన ఎర్రగుంట్ల ఎండకైతే రాజు పద్యం ఎత్తుకునే లోపలే మోకాటిలోతు నీళ్ళల్లో ఉంటాడు గదప్పా," అని ఓబన్న అనేవాడు. అని, తనే నవ్వేవాడు.

"నగు, నగు. వాళ్ళ ఊర్లోనూ నగినారు. ఏడెనిమిదేండ్లు రాజులమాదిరి బతికినారు. ఆనెంక గిటారు మీద మూడు పట్లు తెలిస్తే సాలనే పిల్లోళ్ళు వచ్చి ఎక్కిరించినారు. ఈ ప్లేట్లు ఇంట్లో ఉంటే నామోషీ అనిరి. లేకుంటే దొర నాకెందుకు ఇచ్చిపోతాడు?"

ఆ గదికి ఒక కట్టుబాటు ఉంది. ముల్లు దించితే తలుపు మూయాలి. ఆ పక్క అయిపోయేదాకా ఎవరూ లోపలికి రాకూడదు, ఎవరూ బయటికి పోకూడదు, ముల్లు ఎత్తకూడదు. యశోద మొదటిసారి ఆ గదిలో ఉండిపోయింది కూడా ఆ కట్టుబాటు వల్లనే. మజ్జిగ చెంబు ఇచ్చిపోదామని వస్తే, ఓబన్న వెనక నుంచి తలుపు మూసేశాడు. గోడకు అతుక్కుపోయి నిలబడింది. తాత తొడ మీద తాళం వేస్తున్నాడు. పాట మధ్యలో ఒకచోట ఆయన చెయ్యి తప్పింది. నలభై ఏళ్ళుగా అక్కడే తప్పేదట. యశోద వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకుని, పాట అయిపోయాక గోడతో చెప్పినట్లు చెప్పింది.

"తాతా, ఆడ ఏడు. తకిట తకధిమి. మా నాయన చెక్కభజనలో ఈ నడక ఉండాది."

తాత ఆమె వైపు తిరిగాడు. మళ్ళీ ముల్లు పెట్టాడు. ఆ చోటు వచ్చింది, పోయింది, ఆయన చెయ్యి తప్పలేదు. ఆ రోజు నుంచి ప్లేయరు పక్కనున్న స్టూలు యశోదది. ఫ్యాక్టరీ దుమ్మును మల్లుగుడ్డతో తుడిచేది, వణికే తాత చేతులకు బదులు రికార్డు తిప్పేది ఆమే. ఏ పాటలో ఎక్కడ అయిదు, ఎక్కడ ఏడు, ఎక్కడ పదకొండు అని ఒక నోటుబుక్కు నిండా రాసింది.

ఎండాకాలం సెలవులకు షాహనా వచ్చింది. ఇద్దరిదీ ఒకే వయసు. కర్నూలులో చదువు, భుజానికి కీబోర్డు, నోరు తెరిస్తే నవ్వు. తాతను "దాదా" అని పిలిచేది. ఆ మాట విన్నప్పుడల్లా యశోదకు తన "తాతా" అరువు తెచ్చుకున్న చీరలాగా అనిపించేది.

ఆ పాటల్లో వందమంది ఒక్కసారి గొంతు ఎత్తినట్లు ఒక శబ్దం వస్తుంది. అది మెలోట్రాన్ అనే వాయిద్యమని, ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు తిరుగుతుందని, ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతే వేలు ఎత్తాల్సిందేనని తాత చెప్పాడు. ఆ ఎనిమిది సెకన్లను యశోద ఎంతో ముచ్చటగా డైరీలో రాసుకుంది. షాహనా కీబోర్డులో ఒక బటన్ నొక్కితే అదే శబ్దం వచ్చింది. వేలు ఎత్తనే అక్కర లేదు. తాత కళ్ళు చెమర్చాయి.

"యశోదమ్మా, ఈ తూరి షాహనాను తిప్పనీ," అన్నాడు. యశోద స్టూలు మీద నుంచి లేచింది. మళ్ళీ కూర్చోమని ఎవరూ అనలేదు. వారం రోజులుగా ఆమె చోటు గోడ పక్కనే.

శనివారం సాయంత్రం షాహనాయే వెతుక్కుంటూ వచ్చింది. "నీ నోటుబుక్కు ఇస్తావా యశోదా? రేపు పెద్ద పాట ప్లేటుతో పాటు వాయిస్తా. మా అబ్బా వీడియో తీస్తాడు. నీ లెక్క లేకుంటే నాకు ఆ పాట తల యాడనో తోక యాడనో తెలీదు."

ఇస్తానంది యశోద. ఇచ్చే ముందు ఇంట్లోకి పోయి ఎనిమిదో పేజీ తీసింది. తకిట తకధిమి అని ఉన్నచోట రబ్బరుతో తుడిచి, తకధిమి తకధిమి అని రాసింది. ఏడుకు ఒక్క దెబ్బ కలిపితే ఎనిమిది. అంతే. ఏది జరిగినా డైరీలో రాసుకునే పిల్ల, ఆ రోజు అది రాయలేదు.

ఇప్పుడు స్టూలు మీద షాహనా కూర్చుంది. ఎదురుగా కీబోర్డు, దాని మీద నోటుబుక్కు. సమీవుల్లా ఫోను పట్టుకున్నాడు. మాబూబీ అవ్వ వంటింట్లో ఉంది. యశోద తలుపు పక్కన గోడకు ఆనుకుంది. ఓబన్న తలుపు మూసి, కూర్చున్నచోటే కళ్ళు మూసుకున్నాడు. ముల్లు దిగింది.

షాహనా బాగా వాయించింది. యశోద అనుకున్నదానికంటే బాగా వాయించింది. పేజీలు తిరుగుతున్నాయి. ఎనిమిదోది రాకముందే కరెంటు పోతే బాగుండుననుకుంది యశోద. కరెంటు పోలేదు.

మొదటి చుట్టులో ఒక దెబ్బ వెనకబడింది. రెండో చుట్టుకు రెండు. ఒకే బండికి కట్టిన ఎడ్లు చెరో దారి పట్టినట్లు పాట ఒకవైపు, షాహనా ఒకవైపు. ఓబన్న కళ్ళు తెరిచి, "ఏమాయప్పా?" అన్నాడు.

తాత ముల్లు ఎత్తేశాడు. పాట మధ్యలో ముల్లు ఎత్తడం ఆ గదిలో అదే మొదలు.

"నాదే తప్పు దాదా. నోటులో సరిగ్గానే ఉండాది. యశోద లెక్క తప్పదు," అంది షాహనా.

మళ్ళీ పెట్టారు. మళ్ళీ అక్కడే. ఈసారి షాహనా వేళ్ళు ఆగిపోయాయి. సమీవుల్లా ఫోను దించాడు, తాత మళ్ళీ ముల్లు ఎత్తాడు.

"నాకు రాదులే దాదా," షాహనా కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది. "ఈ స్టూలు యశోదదే. ఆమెనే కూర్చోనీ."

యశోదకు కావలసింది అదే. వారం నుంచి ఆ మాట కోసమే కాచుకుంది. తీరా చెవిన పడ్డాక గోడకు ఇంకా ఆనుకుంది.

తాత నోటుబుక్కు తీసుకుని కళ్ళజోడు సవరించుకున్నాడు. పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. రబ్బరు రుద్దినచోట కాగితం పలచబడి ఉంది. అక్కడ బొటనవేలితో ఒకసారి నిమిరాడు. తల ఎత్తి యశోద ముఖం వైపు చూడలేదు, ఆమె చేతి వైపు చూశాడు. పాట మొదలైనప్పటి నుంచి ఆ చెయ్యి, దానంతట అదే, కణుపుల మీద లెక్కపెడుతూనే ఉంది. ఇప్పటికీ ఆగలేదు. ఏడు. మళ్ళీ ఏడు.

"యశోదమ్మా," అన్నాడు, ఎప్పటి గొంతుతోనే. "మంచినీళ్ళు తెస్తావా?"

మూడేళ్ళలో ఆయన ఆమెను ఆ గదిలో నుంచి ఒక పనికీ పంపలేదు.

వంటింట్లో మాబూబీ అవ్వ కుండలో చెంబు ముంచింది. "పాప తప్పిపోయిందా? ఏడుస్తాందా? నువ్వు పోయి పక్కన కూర్చో మ్మా. నిన్నటి నుంచీ నీ మాటే. 'యశోద ఎదురుగా ఉంటేనే వాయిస్తా దాదీ' అంటాండె."

చెంబు పట్టుకుని వసారాలో నడుస్తూ యశోద మాట కూడగట్టుకుంది. పెద్ద మాటేం కాదు. తాతా, ఆడ ఏడు. అంతే చెప్పాలి. ఒకప్పుడు చెప్పిందే. అప్పుడు గోడ వైపు తిరిగి చెప్పింది. ఇప్పుడు షాహనా ముఖం చూసి చెప్పాలి.

తలుపు ఓరగా తెరిచి ఉంది. షాహనా స్టూలు మీదే ఉంది, ఓణీ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. నోటుబుక్కు మళ్ళీ కీబోర్డు మీదికి చేరింది, దాని మీద తాత పెన్సిలు. రికార్డు తిరుగుతోంది. ముల్లు దిగిన చిటపటలు వినిపిస్తున్నాయి, పాట ఇంకా అందుకోలేదు. తాత గడప దగ్గరికి వచ్చాడు.

"తాతా, ఆడ..."

"తెలుసులేమ్మా," అన్నాడు తాత.

వణికే రెండు చేతులతో, చుక్క తొణకకుండా చెంబు అందుకున్నాడు. లోపలి నుంచి తలుపు మూశాడు.