పక్కటెముక పై అంచు

ఏ దవాఖానో రాయను. బొమ్మల మీద వైద్యం నేర్పే అక్కడి స్కిల్ ల్యాబ్‌లో నేను అటెండర్‌ని, ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. రబ్బరు బొమ్మ పక్కల్లో పసుపు రంగు నీళ్లు నింపడం, పీజీ డాక్టర్లు సూదులు గుచ్చి పోయాక చిల్లులకు అతుకులు వేయడం నా పని.

పీజీలకు పాఠం చెప్పడానికి కల్యాణి మేడం వచ్చాక చదువు పద్ధతే తిరగబడింది. పాఠం వీడియోగా ముందే ఫోన్‌కు వస్తుంది. దాన్ని ఇంట్లో చూసి రావాలి, ల్యాబ్‌లో చేతిపని మాత్రమే. చివరిదాకా చూసినవాళ్ల పేరు పక్కన మేడం కంప్యూటర్‌లో పచ్చ గుర్తు పడుతుంది. ఆలోచన మంచిదే. ముప్పై ఆరు గంటలు డ్యూటీ చేసినవాడు వీడియో చూస్తాడా, పడుకుంటాడా అన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

"రాజమల్లన్నా, జర గిది నడిపియ్యవా? నేను పక్క రూంల ఒరుగుత" అంటూ ఫోన్ చేతిలో పెట్టేవాడు రెండో ఏడాది పీజీ హర్షిత్. అతన్ని చూసి ఇంకో ముగ్గురు.

"పరీక్ష గూడ నేనే రాయాల్నా సారూ?"

"నువ్వు రాస్తె నాకంటె ఎక్కువనే వస్తయే."

నవ్వుకునేవాళ్లం. నాలుగు ఫోన్లూ బల్ల మీద వరసగా పెట్టి నడిపించేవాణ్ణి. అంత చదివినవాళ్లు నన్ను బతిమాలడం నాకు గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తీసే పాఠం అట్లా నోటికి వచ్చేసింది. ప్రతి పక్కటెముక కింది అంచునా నెత్తురు నాళం ఉంటుంది. అందుకే రెండు ఎముకల నడుమ, కింది ఎముక పై అంచును ఆనుకొని సూది దిగాలి. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

మొన్న వానాకాలం మా బాపు కనకయ్యకు దమ్ము ఎక్కువై ఊపిరాడలేదు. భూపాలపల్లి బొగ్గుబాయిలో పాతికేళ్లు చేసి నౌకరీ దిగిపోయి, నెల్లికుదురులో నా దగ్గరే ఉంటున్నాడు. మా దవాఖానకే తెచ్చాను. ఎడమపక్క నీరు చేరిందనీ, అది తీస్తే నాలుగు రోజుల్లో ఇంటికి పోవచ్చనీ అన్నారు.

తీయడానికి హర్షిత్ వచ్చాడు.

బాపు మంచం మీద కూర్చొని, ముందున్న బల్ల మీద చేతులు పెట్టి వంగాడు. "మంచిగ చేస్తడారా ఈ పిలగాడు?" అన్నాడు నాతో.

"చేస్తడు బాపు. పెద్ద డాక్టరు."

"మరి నువ్వెందుకు గట్ల చెమటలు కక్కుతున్నవ్?"

హర్షిత్ వేళ్లు బాపు వీపు మీద ఎముకలు లెక్కపెడుతూ ఆగాయి. గోడకేసి చూశాడు, అక్కడేదో రాసి ఉన్నట్టు. తర్వాత అతని బొటనవేలు ఒక ఎముక కింది అంచున నిలిచింది. సూది తీసుకున్నాడు.

'పై అంచు సారూ' అన్న మాట నా నాలుక దాకా వచ్చింది. పక్కన నర్సు ఉంది, నలుగురు కుర్ర డాక్టర్లున్నారు. అటెండర్ చెబితే సారు పరువు పోతుంది. నీకెట్లా తెలుసని అడిగితే ఫోన్ల సంగతి బయటపడుతుంది. మింగేశాను.

ముందు పసుపు నీళ్లు వచ్చాయి. కాసేపటికి ఎర్రబడ్డాయి. మేడం పరుగున వచ్చింది. అంబులెన్స్‌లో వరంగల్ తీసుకుపోతుంటే బాపు దారిలోనే పోయాడు.

దినాలు చేసి డ్యూటీకి వచ్చిన రోజే మేడం పిలిచింది. గదిలో హర్షిత్, గడ్డం మాసి, గోడకు ఆనుకొని ఉన్నాడు.

"రాజమల్లూ, హర్షిత్ పాఠం మూడుసార్లు చూసే వచ్చాడు. గుర్తులున్నాయి. పెద్దవయసులో నాళాలు వంకర తిరుగుతాయి. ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి ఇట్లా అవుతుంది." ఆమె నన్ను ఓదారుస్తోంది.

"సారు చూడలే మేడం" అన్నాను. "మూడుసార్లు నేనే నడిపిచ్చిన. నేనే చూసిన."

హర్షిత్ తల దించుకున్నాడు. మేడం కంప్యూటర్‌లోని పచ్చ గుర్తులు చూసి నావైపు తిరిగింది.

"అయితే సూది ఎక్కడ దిగాలో నీకు తెలుసా?"

"ఎరుకే."

"ఆ రోజు నువ్వు అక్కడే ఉన్నావు కదా?"

"ఉన్న."

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఇంకేమన్నా అడుగుతుందని నిలబడ్డాను.