ఆయన్ను అడిగి చెప్త

మధ్యాహ్నపు ఎండలో మర్రిగూడ పత్తిచేలు ఆకాశంలోకి కరిగిపోతున్నట్టున్నాయి. పందిరి కింద మంచంలో కూర్చున్న బుచ్చయ్య, గాలికి ఎగిరొచ్చిన దూదిపింజను అరచేతిలో పెట్టుకుని దానితో ఏదో ముచ్చట పెడుతున్నాడు. రెండేళ్లుగా ఆయనది వేరే లోకం. అక్కడ ఎప్పుడూ వాన పడుతూనే ఉంటుంది, ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దులు తొట్టిలో నీళ్లు తాగుతూనే ఉంటాయి. భార్య గోవిందమ్మ మాత్రం ఆ లోకంలో ఒకరోజు అక్క, ఒకరోజు ఎవరో ఊరి మనిషి.

ఆయన వైద్యానికి ఎకరం అమ్మక తప్పదు. పట్టా ఆయన పేరున ఉంది. సోయి లేని మనిషి వేలిముద్ర చెల్లదన్నారు. అందుకే గోవిందమ్మను సంరక్షకురాలిగా పెట్టమని కొడుకు ప్రవీణ్ నల్గొండ కోర్టులో అర్జీ వేశాడు. విచారించి రమ్మని కోర్టు పంపిన లాయరమ్మ ఇవాళ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"అవ్వా, మీ ఇంట్ల ఏదన్న నిర్ణయం చేసేదెవరు?"

"ఇంకెవరు బిడ్డా, ఆయనే," అంది గోవిందమ్మ టక్కున.

ప్రవీణ్ నెత్తి పట్టుకున్నాడు. "గదేందమ్మా! బాపుకు సోయి లేదనే గద అర్జీ పెట్టింది!"

గోవిందమ్మ నాలుక కరుచుకుంది. ఏం చేస్తుంది పాపం, కాపురానికొచ్చిన నాటి నుంచీ ఉన్న అలవాటు! ఏ చేనులో ఏ గింజ వెయ్యాలో, ఏ పిల్లను ఎవరికియ్యాలో తేల్చింది అంతా ఆమే. కానీ వాకిట్లో ఎవరడిగినా "ఆయన్ను అడిగి చెప్త" అనేది. లోపలికి పోయి చెంబెడు నీళ్లు తాగి, బయటికొచ్చి "ఆయన గిట్లన్నడు" అనేది. బుచ్చయ్య మాటంటే మాటేనని ఊరంతా మెచ్చుకునేది. మొగుడి పరువు నిలబెట్టానని ఆమెకు లోలోపల గర్వం. ఈ సంగతి ఆయనకు తెలియదనే అనుకునేది, పిచ్చిది.

లాయరమ్మ ఆయన వైపు తిరిగింది. "తాతా, ఎకరం అమ్ముదామంటున్నరు. నువ్వేమంటవ్?"

బుచ్చయ్య చల్లగా నవ్వాడు. ఆయన కంటికి ఆమె విత్తనాల దుకాణం మనిషి.

"కూసో సేటు, వాన తగ్గనియ్యి. మా ఇంటామె లోపటికి పోయింది. నీళ్లు తాగొస్తది. నేనేమన్ననో ఆమె వచ్చినంక చెప్తది."

గోవిందమ్మ చటుక్కున ఆయన వైపు చూసింది. అంటే ఆయనకు మొదటి నుంచీ ఎరుకే! ఎరుకుండీ ఒక్కనాడూ నవ్వలేదు, దెప్పలేదు, ఆమె పెట్టిన పెద్దరికాన్ని బుద్ధిగా మోశాడు. ఎప్పుడు కనిపెట్టావని నిలదీయాలనిపించింది. ఆ మనిషి పక్కనే ఉన్నాడు, అడిగితే చెప్పే మనిషి మాత్రం లేడు. ఆమెకు కోపమూ ప్రేమా ఒక్కసారే పొంగుకొచ్చాయి.

"నువ్వు చెప్పు అవ్వా," అంది లాయరమ్మ మెల్లగా.

"అమ్మాలె బిడ్డా. నేనే చెప్తున్న. ఎన్నడైనా నేనే చెప్పిన."

ఆ ముక్క పైకి అన్నాక ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. బుచ్చయ్య వంగి, ఎవరో ఏడుస్తున్నారని జాలిగా ఆమె ముఖంలోకి చూశాడు.

"ఫికర్ చెయ్యకమ్మా. మా ఇంటామె వచ్చిందా?"

"ఇంక రాలే," అంది గోవిందమ్మ, "వస్తది, జర కూసో."