ఎర్ర దూదిలో గింజలు

మంగళవారం పొద్దున పదిన్నరకు, ఆళ్లగడ్డలో మౌలమ్మ పరుపుల దుకాణం ముందు, రిక్షాలోంచి ఒక నీహారికను, నక్షత్రాలు పుట్టే ధూళిమేఘాన్ని, దించుతారు. గోనెపట్టాలో మూటగట్టి ఉంది. కుట్ల సందుల్లోంచి ఎర్రటి వెలుగు కారి గడప మీద మడుగు కడుతోంది. మౌలమ్మ కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, మడుగు దాటి వచ్చి ముడి విప్పుతుంది.

తెచ్చినామె పొరుగు గెలాక్సీ మనిషి. అక్కణ్ణుంచి వెలుతురు నడిచి రావాలంటే లక్షా అరవై వేల ఏళ్ళు పడుతుంది. ఈమె రిక్షా మాట్లాడుకుంది కనుక తొందరగానే చేరింది.

"మా పిల్లోళ్ళ పరుపక్కా," అంటుందామె. "పెద్దోళ్ళు నలుగురు. నక్షత్రాలే గానీ ఒళ్ళు మరీ భారీ. వాళ్ళ ఊపిరి గాలికే నడుమ ఇంత గుంత పడిపాయ."

"గుంత పూడ్చల్లా?"

"వద్దు. గుంత వాళ్ళది, ఉండనీ. అంచులు గట్టిపడినాయి, దుమ్ము దులిపి కొంచెం ఏకి ఇయ్యి. భారీ ఒళ్ళు కదా, ఆయుసు తక్కువ. వాళ్ళు పోయేలోగా అంచుల్లో చిన్నోళ్ళు పుట్టల్ల."

పిల్లల ఆయుష్షు గురించి ఇంత మామూలుగా మాట్లాడే తల్లిని మౌలమ్మ ఎన్నడూ చూడలేదు. మాట మామూలే గానీ చేతులు మాత్రం మూటను వదలవు. చివరికి వదిలి, మూడు గంటలకు వస్తానని చెప్పి రిక్షా ఎక్కుతుంది.

మౌలమ్మది దూదేకుల ఇల్లు. ఆమె పనికి వంక పెట్టే మొనగాడు చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. ఈ మాట ఆమే చెబుతుంది, కానీ నిజమే చెబుతుంది.

పైఅరలో ఒక దిండు ఉంటుంది. మొగుడు పక్కీరయ్య ఏకి కుట్టిన ఆఖరి దిండు అది. ఆయన పోయి మూడేళ్ళు. ఊరందరికీ ఒక్క గింజ లేకుండా ఏకిన మనిషి, పెళ్ళాం దిండులో మాత్రం కావాలని ఒక పత్తిగింజ వదిలేవాడు. ఎడమ చెవి కింద గుచ్చుకుంటోందని ఆమె ముప్పై ఏళ్ళు రోజూ తిట్టింది. ఇప్పుడు అది గుచ్చుకోకపోతే కన్ను మూతపడదు. ఆ దిండంటే ఆమెకు ప్రాణం. ఎవరినీ ముట్టనివ్వదు.

దూది ఏకే విల్లును దూలానికి వేలాడగట్టి, కొయ్యతో నారిని కొడుతుంది. టుంయ్, టుంయ్. ఎర్ర దూది పొంగుతుంది. చోటు చాలక గోడలు వెనక్కి జరుగుతాయి. వెనక గోడ కోవెలకుంట్ల దాకా పోయి అక్కడ ఆగుతుంది. నడుమ గుంతలో నాలుగు పడకల గుర్తులు నీలంగా మెరుస్తుంటే, మౌలమ్మ వాటిని తొక్కకుండా చుట్టూ తిరిగి ఏకుతుంది.

అంచుల్లో చేతికి గింజలు తగులుతాయి. నల్లగా, చిన్నగా, కాస్త వెచ్చగా. పరుపులో గింజ మిగిలితే ఏకినవాళ్ళ పరువు పోయినట్టే. చేతులు మెదడును అడగవు. ఒక్కటి వదలకుండా ఏరితే అర గంపెడు అవుతాయి. పత్తిగింజలు పోయాల్సిన చోటు ఒకటే కాబట్టి, దుకాణం వెనక కట్టేసిన బర్రె ముందు పోస్తుంది. బర్రె తీరిగ్గా తింటుంది.

మూడింటికి ఆ తల్లి వస్తుంది. పరుపు అంచులో చెయ్యి పెట్టి తడుముతుంది. మళ్ళీ తడుముతుంది.

"గింజలేవక్కా?"

"ఏరేసినా. ఒక్కటి దొరకదు, చూసుకో," అంటుంది మౌలమ్మ గొప్పగా.

"ఏరి యాడ పెట్టినావు?"

"బర్రెకు పెట్టినా."

ఆమె కేకలెయ్యదు. అంచులోంచి చెయ్యి మెల్లగా బయటికి తీస్తుంది. "పుట్టాల్సిన చిన్నోళ్ళు అవే కదక్కా."

"ముందే చెప్పకపోతివే."

"మా తావ ఎవరూ ఏరరు. మీరు ఏరతారని నాకేం తెలుసు."

ఇద్దరూ వెనక్కి పోయి చూస్తారు. బర్రె నెమరు వేస్తోంది. చర్మం లోపలి నుంచి చుక్కలు చుక్కలుగా వెలుగుతోంది.

"బయటికి రావా?"

"ఎలిగినాక ఇంక ఆ ఇంటి బిడ్డలే. దాన్నే అమ్మ అనుకుంటాయి," అంటుంది తల్లి. "నా పెద్దోళ్ళు పోతారు. ఆమీట మా తావ చీకటి. ఒక్కటంటే ఒక్క గింజ ఉన్నా, దాన్ని చూసి ఇంకోటి పుట్టేది."

మౌలమ్మకు తల కొట్టేసినట్టవుతుంది. చూపు పైఅర వైపు పోతుంది. పోవద్దనుకున్నా పోతుంది.

దిండు దించి కుట్లు విప్పుతుంది. ఒక్కో కుట్టు తెగినప్పుడల్లా పక్కీరయ్య గొంతు సవరించుకున్నట్టు చప్పుడవుతుంది. "ఉండయ్యా, ఎవరికో కావాలంట," అంటుంది. ఎడమ పక్క, ఎప్పుడూ ఉండే చోటే, గింజ దొరుకుతుంది. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని ఏడుస్తుంది. ఆ తల్లి ముందు ఏడుస్తున్నందుకు సిగ్గుపడదు.

ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, గింజను పరుపు అంచులో గట్టిగా ఉన్న చోట పెడుతుంది. నారిని మూడుసార్లు మెల్లగా మీటుతుంది. ఎర్ర దూది గింజ చుట్టూ ముడుచుకుంటుంది.

తల్లి మూట కట్టుకుంటూ, ఒక పిడికెడు ఎర్ర దూది తీసి వట్టిపోయిన దిండులో కూరుతుంది. "తరుగు పూడ్చుకో అక్కా," అని రిక్షా ఎక్కుతుంది.

గోడలు ఒక్కొక్కటే తిరిగి వస్తాయి. మౌలమ్మ దిండు కుట్టి, నేల మీద వేసుకుని పడుకుంటుంది. ఎడమ చెవి కింద ఏమీ లేదు. అంతా మెత్తన. అంత మెత్తన తట్టుకోలేక తల కిందికి దిగుతుంది. చెవి దిగుతుంది, ముఖం దిగుతుంది, మెడ దాకా దిగి అవతల తేలుతుంది.

అక్కడ పరుపు గుంత చుట్టూ నీలం పిల్లలు నలుగురు, ఇళ్ళంత పెద్దవాళ్ళు, ఊపిరి బిగబట్టి ఆమె తలను చూస్తున్నారు.

"ఎవరవ్వా నువ్వు?"

"ఏకిన అవ్వను. జరిగి పండుకోండి."

వాళ్ళు జరుగుతారు. మౌలమ్మ ఎడమ పక్కకు తిరుగుతుంది. చెవి కింద ఏదో గుచ్చుకుంటుంది. చిన్నది, వెచ్చనిది, ఇప్పుడే పుట్టింది.

"ఏమయ్యా," అంటుంది కళ్ళు మూసుకుంటూ, "మళ్ళీ వదిలేసినావే."

ఆ తిట్టు ఎర్రటి పొగలా ఆమె నోట్లోంచి లేచి ఆళ్లగడ్డకు బయలుదేరుతుంది. చేరడానికి లక్షా అరవై వేల ఏళ్ళు పడుతుంది. దుకాణం వెనక బర్రె మాత్రం అప్పుడే నెమరు ఆపి, చెవులు నిక్కించి, కడుపులోని పిల్లలన్నిటినీ ఒక్కసారిగా మసక చేసి, వింటోంది.