సుంకేసుల దగ్గర రెండు పడవలు

కంబన్న ఎడమ చెయ్యి పడిపోయి ఏడాది దాటింది. ముప్ఫయ్యేళ్ళు తుంగభద్రలో గుండ్రటి పుట్టి వేసి జనాన్ని ఒడ్డు దాటించినవాడు, ఆ ఏడాదంతా అరుగు మీదే గడిపాడు. పుట్టికి తెడ్డు వేయాలంటే రెండు చేతులూ ఆడాలి. తెరచాప పడవను గాలే లాగుతుందని ఎవరో చెప్పినప్పటి నుంచి అతనికి అన్నం సహించలేదు. చూడలేక భార్య బసమ్మ, పాడి బర్రెను ఇచ్చి అలాంటిదొకటి తెచ్చుకుందామంది. అందులో వల వేసుకుని బతకొచ్చు.

సుంకేసుల ఆనకట్ట వెనక, నీళ్ళు నిలిచిన చోట, ఇంగ్లండుకు వెళ్ళిపోయిన దొర తాలూకు పడవలు రెండు అమ్మకానికి ఉన్నాయి. పెద్దదాంట్లో ముగ్గురు కూర్చోవచ్చు. చిన్నదాంట్లో ఒక్కరికే చోటు.

"నేర్చుకునేవాళ్ళకు చిన్నదే మేలప్పా. అడుగు ఎడల్పు, సులబంగా బోర్లపడదు," అన్నాడు వాటికి కావలి ఉన్న దాసన్న.

"నాకే నేర్పుతావా?" అన్నాడు కంబన్న. "మీ నాయన పెండ్లికి పోయింది నా పుట్టిలోనే."

"పుట్టికి ముందూ లేదు, ఎనకా లేదు. దీనికి ఉండాది. ముందు అది నేర్చుకో."

కంబన్న నవ్వాడు. ఏడాదిగా వినని ఆ నవ్వు విని బసమ్మ, ఇద్దరూ ఎక్కొచ్చని పెద్దదాన్నే చూపించింది. ఇద్దరూ ఎక్కారు.

కంబన్న తెరచాప తాడు పడితే చుక్కాని తిరిగిపోయింది. చుక్కాని పడితే తెరచాప టపటప కొట్టుకుంది. తాడును పళ్ళతో కరిచాడు. గాలి లాగితే పెదవి చీలింది. బసమ్మ తాడు అందుకుంది. కాసేపు పడవ చక్కగా సాగింది. అంతలో గాలి విసురుకు ఒక పక్కకు ఒరిగింది. కంబన్న నడుము దాకా నీళ్ళలోకి జారాడు. బసమ్మ తాడు వదిలేసి అతన్ని వాటేసుకుంది.

ఒడ్డుకు చేరాక అతను ఒంటిచేత్తో తడిసిన పంచె పిండుకున్నాడు.

"చిన్నది తీసుకుందాం," అన్నాడు.

"దాంట్లో ఇద్దరం ఎట్ల పడతాం?"

"నేను ఎక్కను. నువ్వే నేర్చుకో."

"పెద్దదే తీసుకుందాం, నాకు ఈత వచ్చు కదయ్యా. నేనుండాను కదా."

"నీళ్ళలో పడితే నన్ను ఇడిచిపెట్టి ఈదుతావా?"

బసమ్మ కొంగుతో అతని పెదవి మీది నెత్తురు తుడిచింది.

"ఏట్లోంచి నేను తీసిన పీనుగుల్లో శానా మటుకు జతలే మే. ఒకర్నొకరు గట్టిగా పట్టుకోనుంటారు. పెద్దదుంటే రేపు నేను మళ్ళా ఎక్కుతా. నువ్వూ వద్దనలేవు."

మధ్యాహ్నం బసమ్మ ఒక్కతే చిన్న పడవలో బయలుదేరింది. "తాడు సడలించు, మే, సడలించు," అని కంబన్న గట్టు మీద నుంచి చెబుతూనే ఉన్నాడు. నీళ్ళ మధ్యకు వెళ్ళాక ఆ మాట వినపడలేదు. బసమ్మకు వెనక్కి చూడాలనిపించింది. చూస్తే చుక్కాని తప్పుతుందని చూడలేదు.