తోమని రూపాయి

సూర్యప్రకాశరావు ఫిల్మ్‌నగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ ఇంజనీరు. మద్రాసు నుంచి వచ్చి శ్రీనగర్ కాలనీలో స్థిరపడ్డాడు. ఆయనకు పేకాట లేదు, సిగరెట్టు లేదు. ఉన్నది ఒకటే పిచ్చి, తెల్లవాళ్ల కాలపు వెండి నాణేలు. అందులోనూ తళతళలాడేవి అక్కర్లేదు. ఏళ్ల తరబడి ఏ గుడ్డలోనో కదలకుండా పడి ఉండి, గాలీ చెమ్మా తగిలి తనంతట తానే రంగు తేలిన వెండి కావాలి. మందు పూసి తెప్పించిన రంగయితే చూడగానే పట్టేసేవాడు. నాణేన్ని తోమితే దాని వయసు చెరిపేసినట్టేనని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు.

1992 ఎండాకాలంలో థియేటర్ గోడలకు చెక్క పలకలు బిగించడానికి బాలనర్సయ్య అనే వడ్రంగి వచ్చాడు. రహమత్ నగర్ మనిషి. టీ తాగేటప్పుడు రావు చెప్పే నాణేల కబుర్లు విని, మర్నాడు జేబులోంచి చిన్న మూట తీశాడు.

"మా అమ్మది సార్. పోయినేడు పోయింది. పసుపు గుడ్డల చుట్టి సందూకల దాచుకున్నది. జర చూడుండ్రి."

1862 నాటి విక్టోరియా రూపాయి. అంచు చుట్టూ ముదురు ఊదా, లోపలికి నీలం, రాణి చెంప మీద లేత గులాబీ. ఇరవై ఏళ్లలో రావు అలాంటిది చూడలేదు.

"నాకిస్తావా నర్సయ్యా?" అనేశాడు.

"ఇంకేదన్న అడుగుండ్రి సార్. గిది నాది, మా అక్కది. ఇద్దరిది."

"పోనీ రెండు రోజులు నా దగ్గర ఉంచు. ఫొటో తీసుకుని ఇచ్చేస్తాను."

నర్సయ్య మారుమాట లేకుండా చేతిలో పెట్టాడు.

ఫొటో నిజంగానే తీశాడు. మూడో రోజు పొద్దున బీరువా తెరిస్తే అదే సంవత్సరపు రూపాయి ఇంకొకటి కనిపించింది. ఎవరో చింతపండుతో రుద్ది తెల్లగా చేసినది, దేనికీ పనికిరాదని పక్కన పడేసినది. దాన్ని పసుపు గుడ్డలో చుట్టాడు. చుడుతున్నంతసేపూ, ఇంకా ఇవ్వలేదు కదా అని మనసుకు చెప్పుకుంటూనే ఉన్నాడు.

"గింత తెల్లగైందేంది సార్?" అన్నాడు నర్సయ్య.

"నల్లబడిపోయిందని తోమించాను. బాగుంది కదా?"

నర్సయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "మీరు జేయించిండ్రంటే మంచిగనే ఉంటది" అని జేబులో వేసుకున్నాడు.

కొత్త రూపాయి ఎక్కడిదని భార్య సీతామహాలక్ష్మి అడిగితే బజార్లో దొరికిందన్నాడు. మొదట రోజూ పొద్దున్నే దాన్ని చూసుకునేవాడు. నెల తిరిగేసరికి ఆ సొరుగు తియ్యడం మానేశాడు.

ఏడాది తర్వాత థియేటర్ తలుపు సరిచెయ్యడానికి నర్సయ్య మళ్లీ వచ్చాడు. ఏం మాట్లాడాలో తెలియక రావు వాళ్లక్క ఎలా ఉందని అడిగాడు.

"మాట్లాడ్తలేదు సార్. అమ్మ గుర్తు తోమి ఖరాబు చేసినవని లొల్లి పెట్టింది. బతుకమ్మకు గూడ ఇంటికి రాలె." అంతలో సర్దుకుని, "మీదేం తప్పు లేదు సార్. మీరు మంచికే జేసిండ్రు" అన్నాడు.

ఆ చివరి మాటకు రావు అక్కడ నిలబడలేకపోయాడు. ఇంటికెళ్లి రూపాయి తెచ్చి నర్సయ్య ముందు పెట్టి, జరిగింది చెప్పాడు. నర్సయ్య ఉలి కింద పెట్టాడు.

"గీ మాట నాకు గాదు. మా అక్కకు చెప్పుండ్రి."

ఇద్దరూ వెళ్లేసరికి రహమత్ నగర్ సందులో నర్సయ్య అక్క దేవమ్మ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పొరపాటు జరిగిందని చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చాడు రావు. ఆమె తలెత్తి చూసేసరికి ఆ మాట రాలేదు.

"మీ రూపాయి తోమలేదమ్మా. నేనే మార్చి ఇచ్చాను. దొంగతనం చేశాను."

దేవమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని రూపాయి అందుకుంది. ఎండలోకి తిప్పి చూసి కళ్లకద్దుకుంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"ఏడాదంత నిన్ను తిట్టిన గదరా తమ్మీ" అని ఏడ్చింది. నర్సయ్య పక్కన కూర్చున్నాడు.

తిట్లు పడదామని సిద్ధపడి వచ్చాడు రావు. ఎవరూ తిట్టలేదు. కాసేపు ఆయన అక్కడున్న సంగతే వాళ్లకు పట్టలేదు. చివరికి దేవమ్మ కళ్లు తుడుచుకుని, "గా తెల్లది నీ తాన్నే ఉన్నది గద, తెచ్చి సారుకియ్యి. మనది గాంది మనకెందుకు?" అంది.

నర్సయ్య ఇంటికెళ్లి తెచ్చిచ్చాడు. రావు చెయ్యి చాపి తీసుకోక తప్పలేదు.

ఆ సాయంత్రం భార్యకు అంతా చెప్పాడు. "అయితే నాకూ అబద్ధమే చెప్పారన్నమాట" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. మిగిలిన తలుపు పని ఇంకో వడ్రంగి పూర్తి చేశాడు.

రావు నాణేలు కొనడం మానలేదు. కానీ ఎవరు పాత వెండి తెచ్చినా, ఇందులో ఇంట్లో ఇంకెవరికైనా వాటా ఉందా అని ముందు అడిగేవాడు. కొందరు నవ్వేవారు. కొందరు ఆలోచనలో పడి, మళ్లీ మూట కట్టుకుని వెళ్లిపోయేవారు. అలా వెళ్లిపోయిన వాళ్లను ఆయన ఒక్కసారి కూడా వెనక్కి పిలవలేదు.