తోడికోడళ్ళ తడిబట్టలు

ఏ ఊళ్ళో దిగినా తోడికోడళ్ళిద్దరూ ముందు చేసే పని బట్టలు ఉతుక్కోవడం. వీపుకు తగిలించుకున్న సంచుల్లో రెండు మూడు జతలకు మించి పట్టవు. దేశమేమో ఉక్కపోత దేశం. పొద్దున తొడుక్కున్న కుర్తా బస్సు దిగేసరికి పిండితే చెంబుడు నీళ్ళొచ్చేలా ఉండేది. లాడ్జిలో మంచాలు చూపించగానే చిన్నకోడలు బకెట్ కోసం వెతికేది, పెద్దకోడలు సబ్బు బయటికి తీసేది. ఉతకడం ఎప్పుడూ పెద్దకోడలి వంతే. చిన్నది ఉతికితే మురికి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతుందే తప్ప పోదని ఆవిడ నమ్మకం. జాడించి ఆరేయడం చిన్నదాని పని.

ఆ దేశంలో ఆరేసిన బట్టలు, వాటి తాలూకు మనిషికి ఎటు వెళ్ళాలనుందో అటు తిరిగేవి. గాలి ఎటు వీచినా సరే, సగం ఆరేసరికి చొక్కా చేతులు మెల్లగా లేచి ఏదో ఒక దిక్కు చూపించేవి. అందుకే లాడ్జిలవాళ్ళు బట్టల తీగలు గోడవారగా కాకుండా పెరటి నడుమ కట్టేవారు. దిగినవాళ్ళు టీ గ్లాసులతో వచ్చి, ఎవరి బట్టలు వాళ్ళు చూసుకుని, బస్టాండు దారి పట్టేవారు. ఒక లాడ్జిలో గడ్డం కుర్రాడొకడు ఉండేవాడు. అతని ప్యాంట్లు ఎప్పుడు ఆరేసినా వరండాలో ఉయ్యాల వైపే తిరిగేవి. వచ్చి ఏడాది దాటినా పక్క ఊరు చూడలేదు. లాడ్జి ఆవిడ అతన్ని లేపకుండా ఆ ఉయ్యాల కిందే చీపురు పోనిచ్చి ఊడ్చుకునేది.

ఈ ప్రయాణానికి మూలం అత్తగారు. చిన్నకోడలు మొగుణ్ణి వదిలి, వేరే ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపులో పనికి కుదిరి, హాస్టల్లో ఉంటోంది. ఆ మొగుడు చెడ్డవాడేం కాదు, ఏదీ ఆమెను అడిగి చెయ్యనివాడు. ఇల్లు మారుతున్న సంగతి కూడా సామాన్ల లారీ గుమ్మంలోకి వచ్చాకే పెళ్ళానికి చెప్పాడు. అలాంటివన్నీ పోగై ఒకనాడు ఆమె బయటికి నడిచింది. "ఎటైనా నాలుగు రోజులు తీసుకెళ్ళి, మంచి మాటలు చెప్పి వెనక్కి తీసుకురా" అని అత్తగారు పెద్దకోడల్ని పురమాయించింది. ఆవిడ ఉద్దేశం ఏ చుట్టాలింటికో అని. చిన్నకోడలేమో సముద్రమే దాటించింది. చీరలతో బస్సు నిచ్చెనలు ఎక్కలేవక్కా అంటూ కుర్తాలు కొనిపెట్టింది. పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ తప్ప ఊరు కదలని పెద్దకోడలు అద్దంలో తనను తాను చూసుకుని, ఎవరో కాలేజీ వార్డెన్‌లా ఉన్నానంది.

చౌకగా తిరిగారు. అందరితో కలిసి ఒకే గదిలో పడుకునే మంచాలు, కోళ్ళ బుట్టల పక్కన బస్సు సీట్లు, ఒక ప్లేటు అన్నం ఇద్దరికి. చిన్నకోడలి కుర్తా జలపాతం వైపు తిరిగితే జలపాతానికి, పడవల రేవు వైపు తిరిగితే రేవుకి. పెద్దకోడలి కుర్తా మాత్రం ఎక్కడ ఆరేసినా చేతులు వేలాడేసుకుని ఉండేది. తిప్పి వేసినా అంతే, ఎండలోకి జరిపినా అంతే. చిన్నది వేళాకోళం చేస్తే ఆవిడ నవ్వేసేది గానీ, పక్కవాళ్ళ బట్టలు అటూ ఇటూ చేతులు చాపుతుంటే ఎందుకో సిగ్గనిపించేది. ఒకచోట లాడ్జి ముసలావిడ ఆ కుర్తాను చేత్తో తడిమి, కొందరివి ఆరడానికి ఆలస్యమవుతాయిలే అన్నట్టు తలూపి వెళ్ళింది.

అత్తగారి దగ్గర్నుంచి ఫోన్లు వస్తూనే ఉండేవి. పెద్దకోడలు పక్కకు వెళ్ళి, ఇంకా సమయం చిక్కలేదని చెప్పి పెట్టేసేది. చెప్పాల్సిన మంచి మాటలు బయల్దేరేటప్పుడు బాగానే గుర్తున్నాయి. చిన్నది బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి వాన చినుకుల్ని నాలుక మీద పట్టుకుంటుంటే అవి నోటిదాకా వచ్చేవి కావు.

కొండల్లో ఒక ఊళ్ళో పెద్దకోడలికి జ్వరం తగిలింది. చూడాల్సినవన్నీ మానుకుని చిన్నకోడలు మంచం పక్కనే కూర్చుంది. నుదుటి మీద తడిగుడ్డ మార్చింది, గంజి కాయించి తెచ్చి చెంచాతో పట్టింది, ఇద్దరి బట్టలూ తనే ఉతికింది. అత్తింట్లో జ్వరమొస్తే పెద్దకోడలు ఇంటిల్లిపాదికీ వండిపెట్టాకే పడుకునేది. గంజి మింగుతూ ఆవిడ ఏడ్చింది. కాలిందా అని చిన్నది అడిగితే, అవునంది.

చివరికి సముద్రపు ఒడ్డున ఒక రేకుల లాడ్జికి చేరారు. మర్నాడే తిరుగు ప్రయాణం. పొద్దున్నే ఫోనొచ్చింది. పెద్దకోడలు పక్కకు వెళ్ళి మాట్లాడి వచ్చేసరికి చిన్నకోడలు సంచి సర్దుతోంది.

"అక్కా, నేనూ ఇంటికి వచ్చేస్తాను" అంది, తలెత్తకుండా.

"ఏ ఇంటికి?"

"మనింటికే. నీ మరిది దగ్గరికి."

పెద్దకోడలు మంచం మీద కూలబడింది. "ఇప్పుడు నిన్నెవరేమన్నారే?"

"నువ్వు అనకపోవడమే. ఫోన్ రాగానే చాటుకి వెళ్తావు. వచ్చాక నా మొహం చూడవు. నువ్వెందుకు వచ్చావో టికెట్లు తీసుకున్న రోజే నాకు తెలుసక్కా. ఒట్టి చేతులతో వెళ్తే ఆ ఇంట్లో నిన్ను బతకనిస్తారా?"

కష్టపడకుండానే వచ్చిన పని అయిపోయింది. సంతోషించాల్సింది పోయి పెద్దకోడలికి ఆ సంగతి రుచించలేదు. ఏం చెయ్యాలో తోచక, విడిచిన బట్టలు తీసుకెళ్ళి రెండూ తనే ఉతికి, తనే ఆరేసి, ఇసుకలో కూర్చుంది.

ఎండ ఎక్కేకొద్దీ చిన్నదాని కుర్తా కదిలింది. ఇన్నాళ్ళూ ఏదో ఒక దిక్కుకు ఉరికే ఆ చేతులు ఈసారి ఎటూ చూపించలేదు. మెల్లగా దగ్గరికొచ్చి, చలేసిన మనిషిలా గుండెల మీద ముడుచుకున్నాయి.

అప్పుడే పెద్దకోడలి కుర్తా కుడిచెయ్యి లేచింది. మొదట వణికింది, తర్వాత తిన్నగా చాచుకుని గది గుమ్మం వైపు చూపించింది. గుమ్మంలో చిన్నకోడలు ఉంది. ఆమె నీళ్ళ సీసా పట్టుకుని కుళాయి దగ్గరికి నడిస్తే చెయ్యి కుళాయి వైపు తిరిగింది. వంటగదిలోకి వెళ్తే వంటగది వైపు తిరిగింది. లాడ్జి ఆవిడ దుప్పట్లు ఆరేయడానికి వచ్చి, ఆ చేతికి అడ్డం రాకుండా వాటిని కాస్త దూరంగా వేసుకుంది.

పెద్దకోడలు చాలాసేపు అలాగే చూసింది. తర్వాత ఈసారి పక్కకు వెళ్ళకుండా, అందరూ ఉన్న పెరట్లోనే నిలబడి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, నేను ఆ అమ్మాయిని రమ్మని అడగలేదు. అడగను కూడా."

అవతల అత్తగారు చాలా అంది. ఇందుకేనా నిన్ను పంపిందంది, ఇంటి పరువంది, చివరికి ఇన్నాళ్ళూ వంట తనే చేసుకోవాల్సొచ్చిందంది. పెద్దకోడలు అన్నీ విని, మందులు వేళకు వేసుకోమని చెప్పి పెట్టేసింది. వెనక్కి తిరిగితే చిన్నకోడలు నిండిన సీసా పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"నువ్వు రావద్దు. నేనే నీతో వస్తున్నా" అంది పెద్దకోడలు.

"ఎన్నాళ్ళుంటావక్కా?"

"నన్నడుగుతావేం? దాన్నడుగు" అంటూ తీగ వైపు చూపించింది.

చిన్నకోడలు అటు చూసింది. రెండడుగులు పక్కకు వేసి, మళ్ళీ వెనక్కి వేసి, తనతోపాటు అటూ ఇటూ తిరుగుతున్న ఆ తడి చేతిని చూస్తూ నవ్వబోయి, అక్క భుజం మీద తల పెట్టుకుంది.

విమానం దిగాక ఇద్దరూ కళ్ళజోళ్ళ షాపున్న ఊరి బస్సే ఎక్కారు. హాస్టల్ వదిలేసి, మేడ మీద చిన్న వాటా అద్దెకు తీసుకున్నారు. పెద్దకోడలు కూడా ఆ షాపులోనే ఫ్రేముల సన్నమరలు బిగించే పనికి కుదిరింది. అక్కడి డాబా మీద బట్టలు మామూలు బట్టల్లాగే గాలి ఎటుంటే అటు ఊగేవి.

కొన్నాళ్ళకి పెద్దకోడలి భర్త వచ్చాడు. రమ్మని గట్టిగా చెప్పాలని దారి పొడుగునా అనుకున్నాడు. తీరా వచ్చి చూస్తే భార్య కుర్తాలో, కళ్ళజోడు ముక్కు మీదికి జారి, చిన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుని ఉంది. అతను కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు తాగి, గ్లాసు చేతిలో తిప్పుతూ అనుకోని మాట అడిగాడు.

"నీకెక్కడ ఉండాలనుంది?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆవిడ వినడం అదే మొదటిసారి. మర బిగించడం ఆపి అతని వైపు చూసింది.

"అన్నం తిని ఓ కునుకు తియ్యండి. ఆలోచించి చెప్తాను" అంది మెత్తగా. "కాస్త టైం పడుతుంది."