ఎనభై దగ్గర

హౌరా దగ్గర సంత్రాగాఛి ఫ్లాట్‌లో పొద్దున్నే సోమశేఖర్ చేసే మొదటి పని ఫోను చార్జింగ్ నుంచి తీయడం. ఎనభై శాతం దగ్గర అదే ఆగిపోయేలా పెట్టుకున్నాడు. నిండా ఎక్కిస్తే బ్యాటరీ తొందరగా పాడవుతుందని తను పనిచేసే బ్యాంకులో ఎవరో చెప్పారు. ఏ వస్తువైనా పదికాలాలు మన్నాలని అతని పట్టుదల. కొత్త సోఫా మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయనివ్వలేదు.

ఫోనుకి ఆ ఎనభై పెట్టిన వారం నుంచే ఇంట్లో ఏదీ పూర్తిగా నిండడం మానేసింది. కుళాయి ఎంతసేపు తిప్పినా బకెట్లో నీళ్లు అంచుకి బెత్తెడు కిందే ఆగేవి. గ్యాస్ బండ ముందే అయిపోయేది. బండ తెచ్చే బెంగాలీ దాదా, "మీ ఇంట్లో అంతేగా" అని ఇంకోటి దించి వెళ్లేవాడు.

"ఏటి చేస్తాం, సర్దుకోవాల" అంది సోమశేఖర్ తల్లి అన్నపూర్ణ.

అతని భార్య లక్ష్మీసౌజన్య కూడా సర్దుకుంది, నెల తప్పేదాకా.

"ఏవండీ, ఫోన్లో ఆ ఎనభై తీసేయండి."

"కాన్పు ముందు తీస్తాలే. ఇప్పట్నుంచీ ఎందుకు, బ్యాటరీ దెబ్బతింటుంది."

"తొమ్మిది నెలల్లో ఎనభై శాతం ఎంతో లెక్కేశారా?"

అతను నవ్వి ఆఫీసుకి వెళ్లిపోయాడు. ఆ ఫోను అతని వేలికి తప్ప తెరుచుకోదు.

ఏడో నెల వెళ్లగానే, అతను బ్యాంకులో ఉండగా, నొప్పులొచ్చాయి. హౌరా ఆసుపత్రికి అతను పరిగెత్తుకొచ్చేసరికి పాప పుట్టేసింది. కళ్లూ ముక్కూ, చేతి గోళ్లూ, అన్నీ ఉన్నాయి. ఊపిరితిత్తులే పూర్తి కాలేదు.

"ఫోను ఎంత శాతం దగ్గర పెట్టారు?" అడిగింది డాక్టరమ్మ.

"ఎనభై. ఇప్పుడు తీసేస్తాను, మేడమ్. ఇదుగో, తీసేశాను."

"పుట్టేసింది కదండీ" అందావిడ మెల్లగా.

మర్నాడు సాయంత్రం దాకా ఉంది పాప.

ఇంటికొచ్చాక సౌజన్యకి పాలు చేపుకొచ్చాయి. జాకెట్టు తడిసింది, మార్చిన చీరా తడిసింది. అన్నపూర్ణ పొడిగుడ్డలు అందిస్తూనే ఉంది. సోమశేఖర్ గుమ్మం అవతలే నిలబడిపోయాడు, లోపలికి రాలేక.

"ఇవెప్పుడు ఆగుతాయి అత్తయ్యా?" అడిగింది సౌజన్య.

అన్నపూర్ణ ఇంకో గుడ్డ మడత విప్పింది.